ఖాజా భాయ్ ముక్కు, నా నాలుక

ఖతర్‌లో బుందుక్ పండదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. సెలవుకి ఇంటికి వచ్చినప్పుడల్లా మా మెట్‌పల్లిలో "దుబాయ్‌ల ఏం పండిస్తున్నవ్ లింబాద్రీ?" అని అడిగేవాళ్లు. నేనున్నది దుబాయ్ కాదు, దోహా. పండించింది కూడా ఏమీ లేదు. ఎవరో పండించిన గింజల్ని ఏరి, వేయించి, పొట్లాలు కట్టే కార్ఖానాలో పని చేశాను. మొదట యంత్రాల దగ్గర, చివరికి ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌గా. మధ్యలో ఏ హోదా ఎప్పుడొచ్చిందో రాయను. అది చదివి బాగుపడేవాళ్లెవరూ ఉండరు.

బుందుక్ అంటే హేజెల్‌నట్. అరబ్బుల మాట అది, మా అందరికీ అదే అలవాటైంది. కుంకుడుకాయంత ఉంటుంది. గట్టి పెంకు, లోపల గుండ్రటి పప్పు, పప్పు మీద గోధుమరంగు పొట్టు. చాక్లెట్లలో మీరు తినే ఉంటారు. మాకు టర్కీ నుంచి వచ్చేది. అక్కడ సముద్రం పక్క కొండవాలుల్లో చిన్న రైతులు పండిస్తారు. మేం కొనే రైతుల సంఘం వాళ్లు చెట్ల కింద గడ్డిని పీకరు, వానకి మట్టి కొట్టుకుపోకుండా అది పట్టి ఉంచుతుందని. మందులు కూడా తక్కువే కొడతారు. ఆ మాట నిజమేనని వాళ్ల సరుకు చూస్తే తెలిసేది.

ఇప్పుడు మన పిల్లలు ఫుడ్ ప్రాసెసింగ్ చదివి గల్ఫ్‌కి వెళ్తున్నారు. కొందరు ఫోన్ చేసి, పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. యంత్రాల సంగతి వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. మనుషుల సంగతి ఉండదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అర్బాబ్ తోట

మా యజమాని ఖతరీ, పెద్దాయన. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. మనసు మంచిది, తొందర మాత్రం ఎక్కువ. వరల్డ్ కప్ వస్తోందని ఊరంతా తవ్వి కడుతున్న రోజులవి. అంతలో పక్క దేశాలు సరిహద్దులు మూసేశాయి. సౌదీ మీదుగా లారీల్లో వచ్చే సరుకు ఆగిపోయింది. టర్కీ నుంచి నేరుగా ఓడలు రావడం మొదలైంది గానీ, ఆ కొన్నాళ్లు అందరికీ ఒకటే పూనకం, మన తిండి మనమే పండించుకోవాలని. పాల కోసం ఆవుల్ని విమానాల్లో దించారు. మా అర్బాబ్ బుందుక్ మొక్కలు తెప్పించాడు.

దుఖాన్ రోడ్డులో ఆయనకి తోట ఉంది. అక్కడ షెడ్డు వేయించి, ఏసీలు పెట్టించి, మొక్కలు నాటించాడు. మొక్కలు పచ్చగానే లేచాయి. ఆకులు వేశాయి. కాయలు మాత్రం లేవు. ఆ చెట్టుకి చలికాలం ఒంటికి పట్టాలి. ఎడారిలో చలికాలాన్ని ఏసీతో తయారు చేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. వచ్చే కాయకంటే కాలే కరెంటే ఎక్కువ.

ఆ తోటలో కలిసొచ్చింది ఒక్కటే. మా కార్ఖానాలో మిగిలిన పెంకుల్ని నిమ్మచెట్ల మొదళ్లలో పోయించాడు. మట్టి ఎండకి పగలకుండా, పోసిన నీళ్లు త్వరగా ఆవిరైపోకుండా అవి కాపాడాయి. తర్వాత రోడ్ల పక్కన చెట్లు నాటే కాంట్రాక్టర్లు వచ్చి మా పెంకులు పట్టుకెళ్లారు. అంతకుముందు అవే పెంకుల్ని చెత్తబండికి ఎక్కించేవాళ్లం. నా అభిప్రాయం అడిగితే, పండే చోట పండనివ్వాలి, మన చేతికొచ్చినదాన్ని పారేయకుండా చూసుకోవాలి.

పెంకు, పొట్టు, ముక్క

పెంకుల సంగతి చూశాక లెబనాన్ నుంచి కొత్త మేనేజర్ని తెచ్చారు. పనిమంతుడు. నిద్రలో కూడా 'వేస్ట్' అని కలవరిస్తాడేమో అని మేం నవ్వుకునేవాళ్లం. కప్ కోసం లేస్తున్న పెద్ద హోటళ్లు సరుకు కొనేముందు, మీ దగ్గర చెత్త ఎంత పోతుందని అడగడం మొదలుపెట్టాయి. అందుకని ఆయన ఏదీ బయటికి పోనిచ్చేవాడు కాదు. పెంకు తోటలకి, పొట్టు పశువుల దాణాకి, విరిగిన ముక్కలు నూరి స్వీట్ల దుకాణాలకి. ఆ పద్ధతి నాకు నచ్చింది. పల్లీల మిల్లులో పెరిగినవాణ్ణి, గింజ కింద పడితే ప్రాణం ఒప్పదు.

కానీ ఆయన ఒకటి గమనించలేదు. మా పనిలో సరుకు బస్తాలకొద్దీ వృథా అయ్యేది యంత్రం దగ్గర కాదు. 'ఇది పాడైంది' అని ఒక మనిషి అనే మాట దగ్గర.

మా కార్ఖానాలో ఆ మాట అనే మనిషి ఖాజా భాయ్. కోరుట్లవాడు. వేయించే డ్రమ్ము ఆయనది. కొత్త సరుకు వస్తే గుప్పెడు గింజలు దోరగా వేయించి, అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. 'జేన్' అంటే అరబ్బీలో బాగుంది. 'మూ జేన్' అంటే బాగాలేదు. ఈ రెండు మాటలే. ఆ తర్వాత ఎవరూ మళ్లీ చూడకూడదు. ఆ నియమం పెట్టింది స్వయంగా అర్బాబే.

గింజలో నూనె ఉంటుంది. అది పాతబడితే కనరు వస్తుంది. మొదట్లో కంటికి కనబడదు, పచ్చిగా ఉన్నప్పుడు అంతగా తెలియదు, వేయిస్తే బయటపడుతుంది. కొత్తగా చేరినవాళ్లకి నేర్పడానికి మా దగ్గర ఒక సీసాలో కనరు పట్టిన బుందుక్ ఉంచేవాళ్లం. మూత తీస్తే పాత ఆముదం డబ్బా తెరిచినట్టుండేది.

కొరికే డ్యూటీ

రంజాన్ నెలలో పద్ధతి మారేది. రోజా ఉన్నవాళ్లు వాసన చూడొచ్చు, నోట్లో వేసుకోకూడదు. అందుకని ఖాజా భాయ్ వాసన చూసేవాడు, కొరికి రుచి చూసే డ్యూటీ నాది. పగలు నలుగురి ముందు తినకూడదు కాబట్టి స్టోరు వెనక గదిలో తలుపేసుకొని కొరికేవాణ్ణి. దేశమంతా పస్తుంటే జీతం తీసుకుని దొంగతనంగా తినే ఉద్యోగం నా ఒక్కడిదే. ఖాజా భాయ్ తలుపు బయట నిలబడి ఏడిపించేవాడు.

"అయ్యిందా? కడుపు నిండిందా? నా కోసం జర దువా చెయ్ లింబాద్రీ."

మా ఇద్దరి మాటా ఎప్పుడూ ఒకటే అయ్యేది. తేడా వస్తే ఆయన మాటే నిలుస్తుందని నియమం ఉన్నా, దాని అవసరం రాలేదు.

కరోనా వచ్చిన ఏడు ఇండస్ట్రియల్ ఏరియాకి తాళం పడింది. ఖాజా భాయ్‌కి జబ్బు తగిలింది, తగ్గింది. కొన్నాళ్లు వాసన తెలియడం లేదన్నాడు, చాలామంది అదే అన్నారు. తర్వాత వస్తోందన్నాడు. మళ్లీ డ్రమ్ము దగ్గరికొచ్చాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాతి రంజాన్‌కి గరంగావ్ ఆర్డర్లు వచ్చాయి. రంజాన్ మధ్యలో ఒక సాయంత్రం పిల్లలు కొత్త బట్టలేసుకొని, మెడలో సంచులు తగిలించుకొని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ల సంచుల్లో మిఠాయిలు, గింజలు పోస్తారు. అదే గరంగావ్. మాకు ఏడాది మొత్తంలో అది పెద్ద పని. అంతవరకు ముందే పాసైన పాత నిల్వనే వేయించాం, ఇప్పుడు టర్కీ కొత్త సరుకు దిగింది. ఖాజా భాయ్ నలిపి, వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు.

"మూ జేన్."

నేను గదిలోకి వెళ్లి కొరికాను. తియ్యగా, కమ్మగా ఉంది. బయటికొచ్చి చెప్పాను.

"నీ నాలుకకు ఏమైంది లింబాద్రీ? కంపు కొడుతున్నయ్ గదా! పిల్లలు తినేటివి."

నియమం ప్రకారం సరుకు పక్కకి పోయింది. తర్వాత దిగినదాన్నీ అలాగే తీసేశాడు. కొంత అర్బాబ్ తోటలో గొర్రెల దాణాకి వెళ్లింది. ఆ రంజాన్‌లో ఆ గొర్రెలు తిన్నంత బుందుక్ ఏ షేకూ తిని ఉండడు. నేను నవ్వాను గానీ లోపల భయం పట్టుకుంది. నా నాలుక చెడిందేమో అనుకున్నాను. అంతకాలం ఆయన తప్పు చెప్పగా వినలేదు మరి.

మేనేజర్ ఇంకోలా అనుకున్నాడు. నన్ను ఆఫీసుకి పిలిచి, తనకొచ్చిన హిందీలో అడిగాడు. "దూసరా కంపెనీ ఖాజాకో ఫులూస్ దేతా హై?" వేరే సప్లయర్ దగ్గర ఖాజా భాయ్ డబ్బు తింటున్నాడా అని. అది కాకపోతే ఆ రైతుల సంఘమే పాత సరుకు అంటగడుతోందని ఆయన లెక్క. అయితే ఖాజా భాయ్‌ని ఇంటికి పంపాలి, లేదంటే ఆ రైతులతో బేరం తెంచుకోవాలి. గరంగావ్ లోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఖాజా భాయ్‌ది అక్రమం చేసే చెయ్యి కాదని నాకు తెలుసు. నా నాలుకే నిజమైతే ఆ రైతుల తప్పూ లేదు. మరి తప్పు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

ఉల్లిగడ్డ లొల్లి

ఆ శుక్రవారం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఖాజా భాయ్ ఉండే విల్లాకి ఇఫ్తార్‌కి వెళ్లాను. కోరుట్ల, జగిత్యాల వాళ్లు కొందరు కలిసి అద్దెకుంటారు. ఏటా వెళ్లేవాణ్ణి. ఉల్లిగడ్డ పకోడీల కోసమే వెళ్తానని వాళ్లకి తెలుసు. ఆ రోజు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద పకోడీలు లేవు. ఖర్జూరాలు, పుచ్చకాయ, పెరుగు, అన్నం, పప్పు. రోగులకి పెట్టినట్టుంది.

"పకోడీలేవి?" అన్నాను.

ఆయన గదిలో ఉండే రఫీ, ఏసీ మెకానిక్, చేతులెత్తేశాడు. "ఈయననే అడుగున్రి అన్నా. ఉల్లిగడ్డ వేయిస్తే లొల్లి, కాఫీ కాస్తే లొల్లి. ముక్కు మూసుకొని బయటికి ఉరుకుతడు. ఆరు నెల్లాయె, ఇంట్ల మసాలా వాసన లేదు."

"వాళ్లకు వండొస్తలేదు," అన్నాడు ఖాజా భాయ్. పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు.

నేను ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. మంచి తిండి తినే మనిషి. బిర్యానీలో ఉల్లి సరిగ్గా ఎర్రబడకపోతే వండినవాణ్ణి పిలిపించేవాడు. అలాంటివాడు పసిపిల్లాడిలా పెరుగన్నం తింటున్నాడు. ఉల్లి, కాఫీ, బుందుక్. మూడూ వేగేవే.

రెండు గిన్నెలు

మర్నాడు పని మొదలవకముందే ఆయన్ని స్టోరు వెనక గదికి తీసుకెళ్లాను. ఒక గిన్నెలో ఆయన తీసేసిన సరుకు వేయించి పోశాను. ఇంకో గిన్నెలో కనరు సీసాలోవి పోశాను. గుడ్డ కప్పి రెండూ ముందు పెట్టాను.

"ఇదేంది?"

"వాసన చూడు భాయ్. ఏది ఏదో చెప్పు."

నవ్వుతూ ఒకటి ఎత్తాడు, మొహం చిట్లించి దించాడు. రెండోది ఎత్తాడు. మళ్లీ మొదటిది. ఆ నవ్వు నెమ్మదిగా పోయింది. ఇంకోసారి రెండూ చూసి, బస్తా మీద కూర్చున్నాడు.

"రెండూ ఒక్కటే. మోరీ వాసన, మురికి కాలువలెక్క."

నేను గుడ్డ తీశాను. ఆయనకి కంటితోనే తెలిసిపోయింది, సీసాలో అంతకాలం కనరు పట్టిన గింజ రంగు కాస్త మాగి ఉంటుంది. తర్వాత ఆయనే చెప్పాడు.

"వాసన వచ్చింది కదా అని సంబురపడ్డ. కానీ ఉల్లిగడ్డ మోరీలెక్క వస్తుంది, కాఫీ కాలిన టైర్లెక్క వస్తుంది. ఇంట్ల తిండి దగ్గర నా ముక్కు తప్పే అని తెలుసు. బుందుక్ దగ్గర ఎట్ల తెల్వాలె? నా ముక్కు తప్పో, సరుకు తప్పో? పాస్ చేస్తే, ఒకవేళ నిజంగ చెడ్డయైతే? పిల్లలు తింటరు గదా. అందుకే తీసేసిన."

నేను కోప్పడాలనుకున్నాను, కోపం రాలేదు. జాలి వచ్చింది. ఆ డ్రమ్ము పక్కన, వేగుతున్న గింజల మధ్య, ఆ మనిషి పొద్దంతా మోరీలో నిలబడ్డట్టు నిలబడుతున్నాడు. ఒక్కరికీ చెప్పలేదు.

"చెప్తే ఏమైతది? ముక్కు లేని రోస్టర్‌ను ఎవడుంచుకుంటడు? బిడ్డ నర్సింగ్ ఇంకా అయిపోలె."

"మేనేజర్ ఆ రైతుల్ని దొంగలంటున్నడు భాయ్," అన్నాను. "లేకుంటే నిన్ను."

ఆయన గింజ ఒకటి తీసుకొని వేళ్ల మధ్య తిప్పాడు. ఊరుకుంటే ఆయన ఉద్యోగం నిలుస్తుంది, సరుకు చెడ్డదైపోతుంది, ఎక్కడో కొండమీది రైతుల పేరు పోతుంది. వాళ్లెవరో మాకు తెలియదు, వాళ్లకి మేం తెలియదు. ఇలాంటప్పుడు ఊరుకునేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. నేను బలవంతం చేయలేదు. ఆ నిర్ణయం ఆయనదే.

"వాళ్లు కష్టం చేసిన్రు. నేను మోరీ అన్న," అన్నాడు చివరికి. "యల్లా, అర్బాబ్ దగ్గరికి పోదాం. నువ్వు రా."

అర్బాబ్ అడిగినవి

అర్బాబ్ ఆ రోజు ఆఫీసులోనే ఉన్నాడు, మేనేజర్ పక్కనే. ఖాజా భాయ్ అరబ్బీ బాగా మాట్లాడతాడు. నిలబడే అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. మేనేజర్ మొహం ఎర్రబడింది. ఖలాస్, టికెట్ తీయిస్తానన్నాడు. ముక్కు చెడినవాడు ఇన్నాళ్లు సరుకు తేల్చాడని హోటళ్లకి తెలిస్తే మన పని అయిపోతుందన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. మేనేజర్‌గా నేనున్నా అదే అనేవాణ్ణేమో.

అర్బాబ్ ఖాజా భాయ్‌ని ఏమీ అడగలేదు. నా వైపు తిరిగాడు. కొరికింది ఎవరని అడిగాడు. నేనేనన్నాను. నీ నాలుక ఏం చెప్పిందన్నాడు.

"జేన్ అని చెప్పింది."

మరి సరుకు నా గొర్రెలకి ఎందుకెళ్లిందన్నాడు.

"ఖాజా భాయ్ మాటే చివరిదని నియమం ఉంది."

ఎవడు పెట్టాడా నియమం అన్నాడు. ఖాజా భాయ్ తల వంచుకొనే అన్నాడు, "నువ్వే అర్బాబ్."

అర్బాబ్ గట్టిగా నవ్వాడు. మేనేజర్ నవ్వలేదు. తర్వాత అర్బాబ్ చెప్పినది మా పనిలో అన్నిటికంటే మంచి మార్పు. ఇక నుంచి ఒక్కడి మాట చెల్లదు. ఇద్దరు చూడాలి. ఇద్దరి మాటా కలవకపోతే మూడోవాణ్ణి పిలవాలి. కొత్తవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మీ కంపెనీలో ఎవరో ఒకరి మాటే చివరిదని ఉంటే, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే, ఆ పద్ధతిని మార్పించండి. అది ఆ మనిషి మీద కూడా మోయలేని బరువే.

ఖాజా భాయ్‌ని డ్రమ్ము దగ్గరే ఉంచమన్నాడు. రంగు చూడ్డానికి కన్నుంది, గింజ చిటపటలాడడం వినడానికి చెవుంది. వాసనా రుచీ నావి, నాతోపాటు ఇంకొకరివి. మేనేజర్ ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి. కోల్డ్ స్టోర్లో మిగిలిన సరుకుని మళ్లీ చూసి, గరంగావ్‌కి పంపాం. రైతుల సంఘంతో బేరం నిలిచింది. ఇక్కడ ఏం జరిగిందో వాళ్లకి ఇప్పటికీ తెలియదు.

నా మాట మీద

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఖాజా భాయ్ ఉద్యోగం నిలిచింది, ఆ కంపు పోలేదు. కప్ దగ్గరపడేకొద్దీ ఆర్డర్లు పెరిగాయి. హోటళ్లకి, లాంజ్‌లకి, అతిథులకిచ్చే డబ్బాలకి. డ్రమ్ము ఆగేది కాదు. ఆయన మాస్క్ లోపల పుదీనా ఆకులు పెట్టుకొని నిలబడేవాడు. దోహాలో ఇద్దరు డాక్టర్లకి చూపించాడు. దానంతటదే రావాలి, రాకపోవచ్చు కూడా అన్నారు.

ప్రతి వాయి దించగానే నా వైపు చూసేవాడు. నేను కొరికి, తల ఊపేవాణ్ణి. అప్పుడు బస్తాల్లోకి పోసేవాడు. ఒకసారి అడిగాను, నేను బాగుందంటే నీకు నమ్మకం కలుగుతుందా అని.

"నమ్మకపోతే ఏం చేస్త?" అన్నాడు. "నాకు మోరీలెక్కనే ఉన్నది. నువ్వు కమ్మగుందంటున్నవ్. కమ్మగుందనుకొని పోస్తున్న."

వృత్తిలో పేరు పడ్డ మనిషి, తన ముక్కు 'కాదు' అంటుంటే ఇంకొకడి నాలుకని నమ్మి రోజూ పని చేయడం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను. నేనైతే చేయలేకపోయేవాణ్ణి. ఆయన చేశాడు, ఒక్క వాయి మాడ్చలేదు. బిడ్డ చదువు పూర్తయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన నెలే రాజీనామా ఇచ్చాడు. ఇంకా ఒక్క మ్యాచ్ కూడా మొదలవలేదు. ఆగి చూసి పొమ్మన్నారు అందరూ. కంపులో నిలబడడం ఇక తన వల్ల కాదని నాకొక్కడికే చెప్పాడు.

ఆయన వెళ్లాక డ్రమ్ము దగ్గరికి ఇంకొకరు వచ్చారు. పని నడిచింది. పని ఎప్పుడూ నడుస్తుంది.

కప్ అయిపోయిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. నేను హలో అనేలోపే అరిచాడు.

"లింబాద్రీ! పల్లీలు మాడినయ్!"

ఏం పల్లీలు, ఎక్కడ మాడాయో నాకు అర్థం కాలేదు. వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "అయ్యో, మాడలె. జర ఎర్రగైనయ్ అంతే."

"నాకే చెప్తున్నవా? మాడినయ్! ఆ గదిల పండుకున్న నేను. వాసనకు లేచొచ్చిన. లింబాద్రీ, మోరీ కాదు, టైర్ కాదు. పల్లీలు! మాడిన పల్లీలు!"

ఆయన ఏడుస్తున్నాడు. పొయ్యి కట్టెయ్యవే అని చెప్పడం కూడా మర్చిపోయాడు. ఆమె కూడా మర్చిపోయినట్టుంది, మూకుడులో పల్లీలు చిటపటలాడుతూ ఇంకా మాడుతున్న చప్పుడు నాకు దోహాదాకా వినిపిస్తూనే ఉంది.